గడప దాటే మెళకువలు: గది ప్రవేశ శిక్షణ పద్ధతుల తులనాత్మక పరిశీలన – తెలుగు పరిభాష

సారాంశం:
బందీలను విడిపించడానికో, సాయుధుడైన వ్యక్తిని పట్టుకోవడానికో భద్రతాదళాలు గదిలోకి ప్రవేశించే పద్ధతులు శిక్షణలో కొన్ని నిర్దిష్టమైన రకాలుగా స్థిరపడ్డాయి. ఈ వ్యాసం వాటిని పోల్చి వివరిస్తుంది. మన నగరాల్లోని ఇళ్ల నిర్మాణం ఆ పద్ధతుల ఎంపికను ఎలా ప్రభావితం చేస్తుందో పోచారం పరిసరాల ఆధారంగా పరిశీలిస్తుంది. ఇదే సమస్య ఇతిహాసాల్లో కనిపించే తీరును గుర్తిస్తుంది. తెలుగు క్రియల వ్యతిరేకార్థక నిర్మాణం వల్ల ఆజ్ఞల్లో తలెత్తే ప్రమాదాన్ని చర్చించి, కొన్ని తెలుగు పారిభాషిక పదాలను ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గది ప్రవేశం, శిక్షణ పరిభాష, పద్మవ్యూహం, వ్యతిరేక విధ్యర్థకం, పోచారం, ఆక్టోపస్.

1. ఉపోద్ఘాతం

వరంగల్ రహదారి మీద ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ వైపు వెళ్తుంటే పోచారం వస్తుంది. ఒకప్పటి పొలాల స్థానంలో ఇప్పుడు ఇన్ఫోసిస్ ప్రాంగణం, దాని చుట్టూ బహుళ అంతస్తుల ఇళ్లు, వాటి వెనుక అద్దె గదుల వరుసలు కనిపిస్తాయి. ఈ ఊరి నుంచి వచ్చి మా దగ్గర డిగ్రీ చదివిన ఒక విద్యార్థి పోలీసు ఉద్యోగంలో చేరాడు. శిక్షణ ముగిశాక పలకరించడానికి వచ్చినప్పుడు తన నోటు పుస్తకం చూపించాడు. అందులో తెలుగు లిపిలో 'క్రిస్ క్రాస్', 'బటన్ హుక్', 'ఫేటల్ ఫనెల్', 'స్లైసింగ్ ద పై' అన్న మాటలున్నాయి. పక్కన గదుల బొమ్మలు, బాణం గుర్తులు ఉన్నాయి. "వీటిని తెలుగులో ఏమంటారు మేడం?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో కె.ఎస్. వ్యాస్ నేతృత్వంలో ఏర్పడిన గ్రేహౌండ్స్ ప్రధానంగా అడవిలో పోరాడే దళం. అడవిలో చెట్టు ఉంటుంది, వాగు ఉంటుంది, గడప ఉండదు. 2007లో హైదరాబాదులో మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగిన సంవత్సరంలోనే ఆక్టోపస్ దళం రూపుదిద్దుకుంది. దాని రంగస్థలం నగరం. నగరమంటే తలుపులు, మెట్లు, వరండాలు, గోడ అవతలి మనుషులు. జాతీయ భద్రతా దళం 1984లో ఏర్పడింది. 2008 నాటి ముంబయి దాడుల తరువాత ఆ దళానికి ప్రాంతీయ కేంద్రాలు వచ్చిన నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఇంత శిక్షణ మన నేల మీద సాగుతున్నా, దాని భాష గురించి తెలుగు పరిశోధనలో చర్చ కనిపించదు. వ్యవసాయ, చేనేత వృత్తుల పదాలకు కోశాలు వేసుకున్న మనం ఈ వృత్తి వైపు చూడలేదు.

ఒక వివరణ అవసరం. ఈ వ్యాసం శిక్షణ గ్రంథం కాదు. బహిరంగంగా అందరికీ తెలిసిన సూత్రాలను భాషా సాహిత్యాల దృష్టితో పోల్చే ప్రయత్నం మాత్రమే.

2. గది స్వరూపం – కనిపించని మూల

ప్రవేశ పద్ధతులను పోల్చే ముందు గదిని అర్థం చేసుకోవాలి. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది మొదట గది చెబుతుంది, తరువాతే మనుషులు.

తెరిచి ఉన్న తలుపు బయట నిలబడి, కొద్దికొద్దిగా పక్కకు జరుగుతూ లోపలికి చూస్తే గదిలో అధికభాగం కనిపిస్తుంది. కనిపించనిది తలుపు ఉన్న గోడకు లోపలివైపున ఆనుకొని ఉండే మూల. తలుపు గోడ మధ్యలో ఉంటే అలాంటి మూలలు రెండు. తలుపు గోడ చివర ఉంటే ఒకటే. గది ప్రవేశ శాస్త్రమంతా ఈ చిన్న జ్యామితి మీదే నిలబడింది.

బయటి నుంచి అంచెలంచెలుగా చూసే ఈ పద్ధతినే ఆంగ్లంలో 'పై' అనే వంటకాన్ని ముక్కలుగా కోయడంతో పోల్చారు. ఆ వంటకం మన వంటింటిలో లేదు. దానిని యథాతథంగా అనువదిస్తే విద్యార్థికి బొమ్మ కట్టదు. బత్తాయిని అడ్డంగా కోసినప్పుడు నడిమి బిందువు నుంచి తొనలు విచ్చుకున్నట్టు కనిపిస్తాయి. తలుపు అంచును ఆ నడిమి బిందువుగా భావిస్తే, చూసేవాడు ఒక్కొక్క అడుగుకూ ఒక్కొక్క తొనను చూస్తున్నాడు. అందుకే దీనికి 'తొనచూపు' అన్న పదాన్ని ప్రతిపాదిస్తున్నాను. నల్లగొండ బత్తాయి తోటల పక్కన పెరిగిన వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

తలుపు ప్రదేశానికే మరో సమస్య ఉంది. లోపల పొంచి ఉన్నవాడి గురి తలుపు మీదే ఉంటుంది. వచ్చేవాడు ఆ ఇరుకులో నుంచి రాక తప్పదు. వెనుక నుంచి వెలుతురు పడితే అతని ఆకారం చిత్రంలా కనిపిస్తుంది. ఆ కొద్దిపాటి చోటును ఆంగ్లంలో మృత్యువు గరాటుగా చెబుతారు. తెలుగులో 'గడప గండం' సరిపోతుంది. గండం అంటే దాటవలసినది, దాటితే బతికి బయటపడేది అన్న అర్థం మన నుడిలో ఇప్పటికే ఉంది. జాతకాల్లో గండాన్ని ఎవరూ నిలబడి అనుభవించరు, గడుపుకొని పోతారు. శిక్షణలో చెప్పేదీ అదే: గుమ్మంలో ఆగకూడదు.

పోచారం, అన్నోజిగూడ ప్రాంతాల్లోని కొత్త ఇళ్లను ఈ దృష్టితో చూస్తే కొన్ని విషయాలు తెలుస్తాయి. మొదటిది, అపార్టుమెంటు వీధి గుమ్మానికి సాధారణంగా రెండు తలుపులుంటాయి. బయటికి తెరుచుకునే ఇనుప గ్రిల్లు, లోపలికి తెరుచుకునే చెక్క తలుపు. అంటే గడప గండం రెండుసార్లు. విదేశీ శిక్షణ పటాల్లో ఒకే తలుపు గీసి ఉంటుంది. రెండవది, పడకగదుల తలుపులు చాలావరకు గోడ చివరనే ఉంటాయి. మంచం, బీరువా పట్టాలన్న అవసరమే దానికి కారణం. కాబట్టి మన పడకగదుల్లో బయటి నుంచి కనిపించని మూల ఒకటే ఉంటుంది, కాని మంచం కింది చోటు, బీరువా పక్క సందు కొత్త మూలలుగా తయారవుతాయి. మూడవది, లోపలి గోడలు తరచుగా నాలుగున్నర అంగుళాలవే. తుపాకి గుండుకు అది పూర్తి అడ్డు కాదు. గోడ అవతల పిల్లలు నిద్రపోతుండవచ్చు. నాలుగవది పాత ఇళ్లకు సంబంధించినది. వాస్తు ప్రకారం గుమ్మానికెదురుగా గుమ్మం పెట్టి కట్టిన ఇంటిలో వీధి వాకిట్లో నిలబడితే పెరటి తలుపు దాకా చూపు పోతుంది. గాలి కోసం చేసిన ఆ ఏర్పాటు గుండుకు కూడా దారి ఇస్తుంది.

ఇక పోచారంలో రాజీవ్ స్వగృహ సంస్థ కట్టిన సద్భావన టౌన్‌షిప్ వంటి చోట్ల ఒక అంతస్తు పటం తెలిస్తే పై అంతస్తుల పటం చాలావరకు ఊహించవచ్చు. ఇది దళానికి మేలు. అద్దె గదుల వరుసల్లో ఈ మేలు లేదు. యజమాని ఎప్పుడు ఏ గోడ పెంచాడో, ఏ కిటికీ మూసేశాడో అతనికే గుర్తుండదు.

3. కత్తెర దాటు, కొక్కెం మలుపు

ఇద్దరు మనుషులు తలుపుకు అటొకరు, ఇటొకరు నిలబడి ఉన్నారనుకుందాం. లోపల కనిపించని మూలలు రెండు. ఎవరు ఏ మూలకు పోవాలి?

మొదటి పద్ధతిలో ఎడమవైపున్నవాడు గుమ్మం గుండా ఏటవాలుగా దూసుకెళ్లి కుడి మూలకు చేరతాడు. కుడివైపున్నవాడు అతని వెంటే ఎడమ మూలకు వెళ్తాడు. ఇద్దరి దారులు గుమ్మంలో కత్తెర రెక్కల్లా ఒకదానినొకటి దాటుతాయి కనుక దీనిని 'కత్తెర దాటు' అనవచ్చు. దీని బలం వేగం. మనిషి తన మూలకు దాదాపు సరళరేఖలో వెళ్తాడు. చూపు, అడుగు ఒకే దిక్కున ఉంటాయి. నిలబడిన చోటి నుంచే తన మూల కొంతవరకు కనిపిస్తుంది కనుక పూర్తిగా తెలియని చోటికి దూకడం కాదు. లోపం కూడా అక్కడే ఉంది. ఇద్దరూ ఒకే క్షణంలో అడుగు వేస్తే గుమ్మంలో ఢీకొంటారు. మన ఇళ్ల గుమ్మాలు ఒక మనిషికి సరిపోతాయి, ఆయుధం, కవచం ధరించిన ఇద్దరికి చాలవు.

రెండవ పద్ధతిలో ఎవరి వైపు వారిదే. ఎడమవైపున్నవాడు ద్వారబంధాన్ని చుట్టి ఎడమ మూలకే తిరుగుతాడు, కుడివైపున్నవాడు కుడికి. దారి కొక్కెంలా వంగుతుంది కనుక 'కొక్కెం మలుపు'. దారులు కలవవు కనుక ఢీకొనే భయం తక్కువ. గుమ్మంలో గడిపే కాలం కూడా తక్కువే. అయితే తన మూల కనిపించేది దాదాపు పూర్తిగా లోపలికి తిరిగాకే. ఆ లోపల గది మధ్యభాగానికి వీపు కొంత చూపించవలసి వస్తుంది.

వాస్తవంలో ఇద్దరూ ఒకేవైపు నిలబడవలసి రావడమే ఎక్కువ. ఇరుకైన మెట్ల దగ్గర, వరండా చివర మరో దారి ఉండదు. అప్పుడు మొదటివాడు ఎటు పోతాడో రెండవవాడు దానికి ఎదురు దిక్కుకు పోతాడు. ఒకరు దాటితే ఒకరు మలుగుతారు. శిక్షణలో ఈ మిశ్రమ పద్ధతికే అధిక ప్రాధాన్యం ఉండటానికి కారణం, ఇది ముందస్తు ఒప్పందం మీద కాక ముందున్నవాడి వీపు మీద ఆధారపడటం. రెండవవాడు ఆలోచించనక్కరలేదు, చూస్తే చాలు.

నాగలికి కట్టిన ఎడ్లలో కుడిదాన్ని వలపటిది, ఎడమదాన్ని దాపటిది అంటారు. ఏ ఎద్దు ఏ పక్కదో దానికి అలవాటై ఉంటుంది. రైతు రోజూ చెప్పడు. జట్టు శిక్షణ లక్ష్యం ఇంతకు మించినది కాదు. అందుకే తొలి దశలో గదులే అవసరం లేదు. నేల మీద సున్నంతోనో తాడుతోనో గది పటం గీసి అందులో నడిపిస్తారు. కబడ్డీ గీతల్లా ఉండే ఆ గదికి గోడలుండవు కనుక పైనున్న శిక్షకుడికి అందరి అడుగులూ కనిపిస్తాయి. ఆయుధంలో గుండు ఉండదు. వేగం ఆ తరువాత వస్తుంది.

4. వేగ ప్రవేశం, నిదాన ప్రవేశం

పైన చెప్పిన తేడా అడుగులకు సంబంధించినది. అంతకంటే లోతైన తేడా కాలానికి సంబంధించినది. తలుపు తెరుచుకున్న క్షణమే అందరూ లోపలికి వెళ్లి గదిని వశపరచుకోవడం ఒక సంప్రదాయం. బయటి నుంచే తొనచూపుతో వీలైనంత చూసి, పిలిచి, మాట్లాడి, తప్పనప్పుడే గడప దాటడం మరొకటి. శిక్షకులు ఏళ్ల తరబడి వాదించుకునేది ఈ రెండింటి గురించే.

వేగ ప్రవేశానికి పేరు తెచ్చినవి బందీల విముక్తి ఘటనలు. 1972 సెప్టెంబరులో మ్యూనిక్ ఒలింపిక్స్ వసతిగృహంలో ఇజ్రాయెల్ క్రీడాకారులను బందీలుగా పట్టుకున్నప్పుడు, పైకప్పు నుంచి దిగడానికి సిద్ధమైన పోలీసులను టెలివిజన్ ప్రత్యక్షంగా చూపించింది. లోపలివారికీ టెలివిజన్ ఉంది. ప్రయత్నం ఆగిపోయింది. బందీలు చివరికి దక్కలేదు. ఆ ఘటన తరువాత పశ్చిమ జర్మనీ జీఎస్‌జీ 9 దళాన్ని ఏర్పాటు చేసింది. 1977 అక్టోబరు 18న మొగదిషు విమానాశ్రయంలో అదే దళం విమానంలోకి పలు తలుపుల గుండా ఒకేసారి ప్రవేశించి, లోపలున్న ప్రయాణికులందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చింది. కళ్లు మిరుమిట్లు గొలిపి చెవులు దిమ్మెక్కించే బాంబులు అప్పుడు ఉపయోగపడ్డాయి. 1980 మే 5న లండన్‌లోని ఇరాన్ దౌత్య కార్యాలయంలో బ్రిటిష్ ఎస్‌ఏఎస్ దళం చేసిన ప్రవేశం ఇంకా ప్రసిద్ధమైనది. అక్కడ కూడా ఒక సైనికుడు తాడులో చిక్కుకున్నాడు. ఒక కిటికీ అద్దం కాలు తగిలి ముందే పగిలింది. విజయగాథల్లో ఈ వివరాలు వెనక్కి పోతాయి, శిక్షణకు మాత్రం అవే కావాలి.

మన దేశంలో 2008 నవంబరు 28 ఉదయం ముంబయి నారీమన్ హౌస్ పైకప్పు మీదికి జాతీయ భద్రతా దళం హెలికాప్టర్ నుంచి తాళ్ల మీద దిగడం దేశమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. మ్యూనిక్ జరిగి అప్పటికి 36 ఏళ్లు. ఉగ్రవాద నిరోధక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధిస్తూ కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో సవరణ 2015లో వచ్చింది. పై నుంచి కిందికి దిగడం, కింద నుంచి పైకి ఎక్కడం కంటే శ్రేయస్కరమన్న సూత్రం శిక్షణలో ఉంది. ఆశ్చర్యం అనేది లేకపోతే ఆ సూత్రానికి విలువ ఎంత తగ్గుతుందో ఆ ఉదయం చూపించింది.

వేగం ప్రాణం పోస్తుంది, వేగం ప్రాణం తీస్తుంది. 2020 మార్చి 13న అర్ధరాత్రి దాటాక అమెరికాలోని లూయీవిల్‌లో పోలీసులు ఒక ఇంటి తలుపు పగలగొట్టారు. తలుపు తట్టకుండానే ప్రవేశించేందుకు అనుమతించిన వారంటు అది. తట్టామనే పోలీసులు చెప్పారు. దొంగలనుకొని లోపలి యువకుడు ఒక గుండు కాల్చాడు. పోలీసులు 32 కాల్చారు. బ్రియోనా టేలర్ అనే 26 ఏళ్ల ఆసుపత్రి ఉద్యోగిని చనిపోయింది. ఆ ఇంట్లో బందీలు లేరు. అంటే బందీల కోసం రూపొందిన మెళకువను సోదా కోసం వాడారు. జూన్‌లో ఆ నగరం అలాంటి వారంట్లను నిషేధించింది. చుట్టుముట్టి, పేరు పెట్టి పిలిచి, బయటికి రప్పించే పద్ధతి వైపు చాలా దళాలు మొగ్గడానికి ఇటువంటి అనుభవాలే కారణం.

అయితే నిదానం అన్ని వేళలా ప్రధానం కాదు. 2022 మే 24న టెక్సస్ రాష్ట్రం యువాల్డి పాఠశాలలో సాయుధుడు ఉన్న తరగతి గదుల ముందు వరండాలో పోలీసులు 77 నిమిషాలు ఆగారు. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. తలుపుకు తాళం ఉందనుకున్నారే తప్ప, పిడి తిప్పి చూడలేదని అనంతర విచారణలో తేలింది. లోపల ప్రాణాలు పోతున్నప్పుడు నిదానం ఒక పద్ధతి కాదు, అది గడప దాటకపోవడమే.

కాబట్టి 'ఏ పద్ధతి ఉత్తమం?' అన్న ప్రశ్న సరైనది కాదని నా అభిప్రాయం. గదిలో కాలం ఎవరి పక్షాన ఉంది అన్నది అడగాలి. కాలం గడిచేకొద్దీ లోపలివారికి హాని పెరుగుతుంటే వేగం. కాలం గడిచేకొద్దీ లోపలివాడి మొండితనం తగ్గుతుంటే నిదానం. ఈ ఒక్క నిర్ణయం తప్పితే కత్తెర దాటు ఎంత చక్కగా వేసినా ఫలం ఉండదు.

5. ఇతిహాసంలో గడప

పద్మవ్యూహం అనగానే మన వాడుకలో 'వెళ్లడమే కాని రావడం లేని చోటు' అన్న అర్థం స్థిరపడింది. అభిమన్యుడికి నిష్క్రమణం తెలియదు కనుక మరణించాడని తరగతిలో మనమే చెబుతాం. తిక్కన తెనిగించిన ద్రోణపర్వాన్ని గది ప్రవేశ దృష్టితో చదివితే ఈ వ్యాఖ్య చాలదనిపిస్తుంది. యుద్ధం పదమూడవ రోజున ధర్మరాజు అడిగినప్పుడు అభిమన్యుడు తనకు నిష్క్రమణం తెలియదని ముందే చెప్పాడు. వెంటనే అనుసరించి వస్తామని భీమాదులు మాట ఇచ్చారు. పథకంలో లోపం లేదు. మొదటివాడు తెరుస్తాడు, మిగిలినవారు తెరిచిన దారిలో వస్తారు. చెడింది గుమ్మం దగ్గర. సైంధవుడు వరబలంతో ఆ నలుగురినీ ఆపాడు. తెరిచిన తలుపు మొదటివాడి వెనుక మూసుకుంది. శిక్షణ భాషలో చెప్పాలంటే, అభిమన్యుడి మరణానికి కారణం నిష్క్రమణ జ్ఞానం లేకపోవడం కాదు, రెండవ మనిషి రాకపోవడం. మొదటివాడి వెంట రెండవవాడు తప్పక లోపలికి వెళ్లాలన్న నియమాన్ని శిక్షకులు ఎందుకంత కఠినంగా పట్టిస్తారో మన విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

సౌప్తికపర్వంలోని రాత్రి దాడి నీతిరీత్యా హేయమైనది. కాని విన్యాసంగా చూస్తే అక్కడ పనుల విభజన స్పష్టంగా ఉంది. అశ్వత్థామ ఒక్కడే శిబిరంలోకి వెళ్లాడు. కృపుడు, కృతవర్మ ద్వారం దగ్గర నిలిచి బయటికి పారిపోయేవారిని చంపారు. లోపలికి వెళ్లే జట్టు, బయట కాపలా ఉండే జట్టు వేరు వేరుగా ఉండాలన్న ఆధునిక సూత్రమిది. చేసిన పని మాత్రం దానికి విరుద్ధం. బయటి జట్టు ఉండవలసింది తప్పించుకొని వచ్చే అమాయకులను కాపాడటానికి కూడా. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన తరువాత విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు. ఆ పని తాండ్ర పాపారాయుడిదని మన జానపద సంప్రదాయం చెప్పుకుంటుంది. డేరాకు గోడంతా తలుపే కనుక కాపలా ఎక్కడ పెట్టాలన్నది అక్కడ జవాబు లేని ప్రశ్న.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సుందరకాండ. హనుమంతుడు లంకలోకి ఎడమకాలు పెట్టి ప్రవేశించాడు. కొత్త కోడలు కుడికాలు పెట్టి వచ్చే సంప్రదాయం ఉన్న మనకు ఆ భేదం వెంటనే తెలుస్తుంది. తరువాత రావణుడి అంతఃపురంలో రాత్రివేళ ఒక్కొక్క చోటే వెతుకుతూ, నిద్రిస్తున్న మండోదరిని చూసి సీత అనుకొని గంతులు వేశాడు. ఆ వెంటనే ఆగాడు. రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకొని నిద్రపోదని తర్కించి, తన తొలి భావనను తానే కొట్టివేశాడు. గది ప్రవేశంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మూలకు చేరడం కాదు, మూలలో ఉన్నది ఎవరో గుర్తించడం. చేతిలో ఉన్నది తుపాకా, సెల్‌ఫోనా? నేల మీద పడుకున్నది సాయుధుడా, భయపడిన పనిమనిషా? హనుమంతుడికి ఆలోచించుకునే వ్యవధి దొరికింది. శిక్షణ పొందినవాడికి క్షణంలో సగం దొరుకుతుంది. అందుకే గురి లక్ష్యాల్లో సాయుధుల బొమ్మల మధ్య పిల్లల బొమ్మలు, కెమెరా పట్టుకున్నవారి బొమ్మలు కలిపి పెడతారు. కాల్చకుండా ఉండటం కూడా మార్కులు వచ్చే పాఠమే.

6. 'కదలండి', 'కదలకండి'

ఇప్పుడు భాష దగ్గరికి వస్తాను. ఎన్‌సీసీ కవాతు చూసినవారికి ఆజ్ఞ రెండు ముక్కలుగా ఉంటుందని తెలుసు. 'దాహినే' అని సాగదీసి హెచ్చరిక, 'ముడ్' అని తుంచి క్రియ. హిందీ క్రియాంత భాష కనుక ఇది కుదిరింది. తెలుగూ క్రియాంత భాషే. 'కుడికి—తిరుగు' అన్నప్పుడు క్రమం సహజంగానే ఉంటుంది. కాబట్టి విధి వాక్యాలకు తెలుగు పనికిరాదన్న మాట నిలవదు.

చిక్కు నిషేధంలో ఉంది. ఆంగ్లంలో నిషేధం క్రియకు ముందు వస్తుంది. హిందీలో 'మత్ హిలో' అన్నప్పుడూ ముందే వస్తుంది. తెలుగులో అది క్రియ లోపల, చివరి వైపున ఒదిగి ఉంటుంది. కాల్చు – కాల్చకు. తెరువు – తెరవకు. అరుపులు, పొగ, చెవులు దిమ్మెక్కించే పేలుడు ఉన్న గదిలో మాట చివర వినపడకపోతే నిషేధం ఆజ్ఞగా మారిపోతుంది. గౌరవార్థకంలో పరిస్థితి మరింత సున్నితం. 'కదలండి', 'కదలకండి' – ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క 'క'. అదీ పదం నడుమ, ఊనిక లేని చోట. 'లేవండి – లేవకండి', 'తీయండి – తీయకండి' అన్నవీ ఇంతే. జేబులో చేయి ఉన్న మనిషితో 'తీయకండి' అన్నప్పుడు ఆ అక్షరం మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. తెలంగాణ వాడుకలోని 'కదలకుండ్రి' కొంత మేలు, 'కు' దగ్గర ఊనిక పడుతుంది కనుక.

నిషేధం ముందు ఉన్నంత మాత్రాన ఆంగ్లం సురక్షితమని కాదు. మొదటి మాట వినపడకపోతే 'డోంట్ మూవ్' కూడా 'మూవ్' అవుతుంది. అందుకే 'ఫ్రీజ్' అన్న వేరే క్రియ వాడుకలోకి వచ్చింది. దానికీ పరిమితి ఉంది. 1992 అక్టోబరులో అమెరికాలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే 16 ఏళ్ల జపాన్ విద్యార్థి విందుకు వెళ్తూ పొరపాటున వేరే ఇంటి దగ్గరికి వెళ్లాడు. ఇంటి యజమాని 'ఫ్రీజ్' అన్నాడు. కుర్రవాడు ముందుకు నడిచాడు. కాల్పుల్లో చనిపోయాడు. ఆ మాటకు ఆ సందర్భంలో ఉన్న అర్థం అతనికి తెలియకపోవడమే కారణమని విస్తృతంగా చర్చ జరిగింది.

తెలుగులో నిషేధ రూపాన్ని విడిచి, వేరే ధాతువుతో చెప్పడమే మార్గం. 'కదలకండి' బదులు 'ఆగండి'. 'లేవకండి' బదులు 'పడుకోండి'. 'తీయకండి' బదులు 'చేతులు పైకి'. కాని జట్టులో ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు 'ఆగు'కు జోడుగా 'సాగు' వాడకూడదు. ప్రాస కలిసిన ఆ రెండు మాటల్లో తొలి హల్లు గోలలో పోతే అర్థం తలకిందులవుతుంది. పద్యంలో అందమైనది గుమ్మం దగ్గర అపాయం. 'కుడి', 'ఎడమ' మాటల అక్షర సంఖ్య వేరు, ధ్వని వేరు కనుక ఇబ్బంది లేదు. అయితే లోపలికి వెళ్లి ఎదురెదురుగా నిలబడ్డాక ఒకరి కుడి మరొకరికి ఎడమ. అప్పుడు గోడను బట్టి, కిటికీని బట్టి చెప్పుకోవాలి.

గది పని పూర్తయిందని చెప్పే 'క్లియర్' అన్న మాటకు నా విద్యార్థి 'ఖాళీ' అని రాసుకున్నాడు. అది సరికాదని చెప్పాను. ప్రమాదం తొలగిన గది ఖాళీ గది కాకపోవచ్చు, మంచం కింద పాప ఉండవచ్చు. 'సురక్షితం' అరవడానికి పొడవు. 'సరే' అంటే జవాబో ప్రశ్నో తెలియదు. ఇక్కడ 'క్లియర్'ను అలాగే ఉంచుకోవడం మేలు. అన్యదేశ్యాన్ని వదలకుండా ఉండటం కూడా పరిభాషా నిర్మాణంలో భాగమే.

7. చట్టం చెప్పే ప్రవేశం

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 44వ సెక్షను అరెస్టు కోసం ఇంట్లో ప్రవేశించడం గురించి చెబుతుంది. పాత నేరవిచారణ స్మృతిలో ఇది 47వ సెక్షను. పోలీసు అధికారి తన అధికారాన్ని, వచ్చిన పనిని తెలియజేసి, ప్రవేశం కోరి, అది దొరకనప్పుడే తలుపో కిటికీయో పగలగొట్టాలి. లోపలి గదిలో, అరెస్టు చేయవలసిన వ్యక్తి కాని స్త్రీ, ఆచారరీత్యా బయటికి రానిది ఉంటే, ఆమె తప్పుకోవచ్చని ముందుగా తెలిపి, తప్పుకోవడానికి తగిన వీలు కల్పించాలి. నిదాన ప్రవేశ సంప్రదాయం మన చట్టంలో ముందు నుంచీ ఉందన్నమాట. బందీల విముక్తి వంటి సందర్భాల అవసరాలు వేరు. కాని మామూలు స్టేషను సిబ్బంది రోజూ తట్టే తలుపులకు వర్తించేది ఇదే. అదే సెక్షను చివరి భాగంలో మరో ఏర్పాటు ఉంది. చట్టబద్ధంగా లోపలికి వెళ్లి చిక్కుకుపోయినవారు తమను విడిపించుకోవడానికి తలుపు పగలగొట్టుకొని బయటికి రావచ్చు. పద్మవ్యూహం పాఠం చెప్పేవారికి ఈ వాక్యం చదివితే నవ్వు రాక మానదు.

'తెలియజేయడం' ఏ భాషలో అన్నది ఆ సెక్షను చెప్పదు. పోచారం అద్దె గదుల్లో ఇప్పుడు తెలుగుతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ వినిపిస్తాయి. నిర్మాణ పనులకు వచ్చినవారు ఒకే గదిలో నలుగురైదుగురు ఉంటారు. రాత్రిపూట తలుపు తట్టి తెలుగులో 'పోలీసులం, తలుపు తీయండి' అంటే లోపలివారికి అర్థమయ్యేది మొదటి మాట ఒక్కటే. తరువాతి మాట 'తీయండి'యో, 'తీయకండి'యో వారికి తెలియదు. నా విద్యార్థి ఇప్పుడు ముందు హిందీలో, తరువాత తెలుగులో చెబుతానని, టార్చి వెలుతురులో తన రెండు చేతులూ పైకెత్తి చూపిస్తానని అన్నాడు. ఒడియాలో 'ఆగండి'ని ఏమంటారో కనుక్కొని చెప్పమని నన్ను అడిగాడు. మా కళాశాలలో ఒడియా తెలిసినవారు లేరు. వారి వీధి చివర సెంట్రింగ్ పని చేసే కుటుంబాన్నే అడిగి రాసుకొమ్మని చెప్పాను.